బోరు 20 నిమిషాలు పోసి గాలి కొడ్తాంది.. ఇంకో బోరు ఎయ్యాల్నా?

జనగామ_పోరడు | ఏప్రిల్ 9, రాత్రి 9:52
అన్నలు అక్కలు జర నా తిప్పలు చూడున్రి. మాది జనగామ పక్కన కొత్త కాలనీ, నల్లా లైను ఇంకా మా గల్లీ దాకా రాలే, ఉన్నదంత బోరు నీళ్ళే. బోరు 2016ల ఏయించినం, 400 ఫీట్లు, ఆరున్నర ఇంచుల బోరు, అప్పుడు ఇంచున్నర నీళ్ళు పడ్డయి. మోటరు ఒకటిన్నర హెచ్‌పీ, సింగిల్ ఫేజు, 320 ఫీట్ల కాడ దించినం. నిరుటి దాకా ఏ రంది లేదు. ఈ ఎండాకాలం ఏమైతాందంటే పొద్దుగాల మోటరేస్తే 20 నిమిషాలు మస్తు పోస్తది, ఆ తర్వాత బుస్సు బుస్సుమని గాలి కొట్టి గుటకలు గుటకలుగ వచ్చి బందైతది. ట్యాంకు 2 వేల లీటర్లది, సగం నిండుతది. ఇంట్ల మేం ఆరుగురం, పైన కిరాయికి నలుగురు, రెండు బర్లు. 9 గొట్టంగనే ట్యాంకు ఖాళీ, ఇగ అప్పటిసంది గంటకోసారి ఏసుడు, 5 నిమిషాలు పోసుడు, గాలి. మొన్న మోటరేసి మర్చిపోయి పెండ్లికి పోయినం, వచ్చేసరికి కాలి కూసుంది, రీవైండింగు చేయించినం. ట్యాంకర్లు గూడ కొంటున్నం. బోరు బండాయన ఇది ఎండిపోయింది, పక్కన 800 ఫీట్లు ఏస్కోండ్రి అంటుండు. అంత పైసలంటే అమ్మ పుస్తెలతాడు దిక్కు చూస్తాంది. ఏం జెయ్యాలె?

గోదారోడు | ఏప్రిల్ 9, రాత్రి 10:15
400 అడుగులా!! మా వైపు 30 అడుగులు ఫిల్టర్ పాయింటు దింపితే చాలండి, చేత్తో కొట్టినా వచ్చేస్తాయి. కాకపోతే ఎర్రగా ఉంటాయి, తెల్ల చొక్కా పనికిరాదు. సలహా ఏం లేదు, మీ కష్టం చదివి ఊరుకోలేక రాశాను.

పాత_మెకానిక్ | ఏప్రిల్ 9, రాత్రి 11:03
తమ్మీ, నేను సిద్దిపేట దిక్కు 26 ఏండ్లసంది మోటర్లు దింపుడు, తీసుడు ఇదే పని. బోరు బండోడు వద్దు అని ఏనాడన్న అంటడా, ఆయనను పక్కకు పెట్టు. నువ్వు రాసినదాంట్లనే సగం జవాబున్నది. పైపు పగిలినా, ఇంపెల్లర్లు (నీళ్ళను పైకి తోసే చక్రాలు) అరిగినా మొదటిసంది సన్నగనే పోస్తది, 20 నిమిషాలు ధార కట్టి పొయ్యదు. నీది మంచిగ పోసి ఆగుతాంది, మళ్ళ ఆగినంక పోస్తాంది. అంటే మోటరు మంచిగున్నది, బోర్ల ఊట తగ్గింది. తగ్గుడు వేరు ఎండుడు వేరు.
రేపు మూడు పనులు చెయ్యి. 20 లీటర్ల పెయింటు డబ్బా పెట్టి ఎన్ని సెకండ్లల నిండుతదో చూడు. ప్యానల్ మీద ఆంప్స్ ముల్లు నీళ్ళు పోసేటప్పుడు ఎంత, గాలి కొట్టేటప్పుడు ఎంత రాసి పెట్టు. బోర్ల నీళ్ళు ఎన్ని ఫీట్ల కాడ ఉన్నయో పొద్దుగాల మోటరెయ్యక ముందు కొలువు.

జనగామ_పోరడు | ఏప్రిల్ 10, ఉదయం 7:20
అన్నా నీళ్ళ లెవల్ ఎట్ల కొలవాలె? మావాడు రాయి ఏసి చప్పుడు ఇందాం అంటుండు.

పాత_మెకానిక్ | ఏప్రిల్ 10, ఉదయం 7:31
రాయి ఏస్తే నీ ఇంటికొచ్చి కొడ్త!! ఆ రాయి పోయి మోటరుకు బోరు గోడకు నడుమ ఇరుకుతది, రేపు మోటరు తీసేటప్పుడు లేవదు, పైపు తెగి మోటరు లోపలనే సమాధి. ఇట్లనే రెండు బోర్లు పోయినయి నా కండ్ల ముందల. నైలాన్ దారానికి చిన్న బోల్టు కట్టి పది పది ఫీట్లకు ముడులు ఏసి మెల్లగ దించు, నీళ్ళు తాకంగనే బరువు తేలికైతది, తీసి చూస్తే తడి ఎక్కడిదాక ఉందో తెలుస్తది. కేబుల్‌కు చుట్టుకున్నట్టు అనిపిస్తే గుంజకు, తిప్పి వదులు. మెయిన్ బందు పెట్టి చెయ్యి.

జనగామ_పోరడు | ఏప్రిల్ 11, రాత్రి 8:40
కొలిచిన. డబ్బా 22 సెకండ్లకు నిండింది. నీళ్ళు పోసేటప్పుడు 10 ఆంప్స్, గాలి కొట్టేటప్పుడు 6 కు పడ్డది. లెవల్ పొద్దుగాల 5 గంటలకు 140 ఫీట్లు. దారం నాలుగు సార్లు చుట్టుకుంది, నాయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

రాళ్ళ_మాస్టారు | ఏప్రిల్ 11, రాత్రి 10:26
మంచి పని చేశారు బాబూ, ఇంత ఓపికగా కొలిచి అడిగేవాళ్ళు తక్కువ. నేను భూగర్భ జలాల శాఖలో చేసి రిటైరయ్యాను కాబట్టి కాస్త లెక్క చెబుతాను, విసుక్కోవద్దు.
ఆరున్నర అంగుళాల బోరులో అడుగు ఎత్తు నీళ్ళు ఉంటే అవి సుమారు ఆరున్నర లీటర్లు, గుర్తుంచుకోవడం తేలిక. మీ నీళ్ళు 140 దగ్గర ఉన్నాయి, మోటరు 320 దగ్గర ఉంది, మధ్య 180 అడుగులు, అంటే 1170 లీటర్లు రాత్రంతా చేరి కూర్చున్నాయి. మీ మోటరు 22 సెకండ్లకి 20 లీటర్లు అంటే నిమిషానికి 54 దాకా తోడేస్తోంది. 1170 ని 54 తో భాగించండి, 21 నిమిషాలు చిల్లర. మీరు చెప్పిన 20 నిమిషాలు అదే! పొద్దున వచ్చే ధార మీ బోరు ఊట కాదు, గొట్టంలో నిలవున్న నీళ్ళు.
అసలు ఊట ఎంతో రెండో సంగతిలో తెలుస్తుంది. గంట ఆపితే 5 నిమిషాలు పోస్తోంది అన్నారు, అంటే గంటకి 270 లీటర్లు, నిమిషానికి నాలుగున్నర. చూడ్డానికి పిల్లకాలువ కూడా కాదు, కానీ రోజంతా ఊరితే 6,480 లీటర్లు. పట్టణాల్లో నీటి సరఫరాకి మనిషికి రోజుకి 135 లీటర్లు లెక్క వేస్తారు, పది మందికి 1,350, గేదెలకి ఓ 200 వేసుకోండి. మీ బోరు మీకు కావలసినదానికి మూడు రెట్లకి పైగా ఇవ్వగలదు. మరి ట్యాంకర్లు దేనికి కొంటున్నారు?

జనగామ_పోరడు | ఏప్రిల్ 11, రాత్రి 10:41
సార్ మూడు రెట్లా?? మరి నీళ్ళు ఎటు పోతున్నయి?

రాళ్ళ_మాస్టారు | ఏప్రిల్ 11, రాత్రి 11:12
ఎటూ పోవడం లేదు, బండ సందుల్లోనే ఆగుతున్నాయి. బోరు ఖాళీ అయినప్పుడు చుట్టూ ఉన్న పగుళ్ళలోంచి నీళ్ళు లోపలికి ఊరతాయి, లెవల్ పైకి వచ్చేకొద్దీ ఊట నెమ్మదిస్తుంది, పూర్తిగా నిండాక ఆగిపోతుంది. మీరు రాత్రి 9 కి మోటరు ఆపుతారనుకుందాం, బహుశా 2, 3 గంటలకల్లా బోరు నిండిపోతుంది, ఆ తర్వాత 5 దాకా ఊట ఊరికే పోతోంది. పగలు గంటకోసారి అడుగు నాకిస్తున్నారు, అది మోటరుకి చేటు. నా లెక్క కూడా కచ్చితం అనుకోకండి, ఎండలు ముదిరితే నాలుగున్నర కాస్తా మూడు అవ్వచ్చు, అయినా మీకు సరిపోతుంది.
800 అడుగుల సంగతి. మన తెలంగాణలో చాలా భాగం గ్రానైటు బండ. పైన మొరం, దాని కింద పగుళ్ళున్న రాయి, నీళ్ళన్నీ ఆ రెండిట్లోనే. లోతుకి పోయేకొద్దీ పై బరువుకి పగుళ్ళు మూసుకుపోతాయి. 400 దాటాక జల పడదని అననుగానీ ఎక్కువ చోట్ల తెల్ల పొడే లేస్తుంది, పైగా 300 అడుగులు దాటాక ప్రతి వందకీ ఫుటు రేటు పెరుగుతూ పోతుంది. లోతు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ ఉండే ప్రమాదం కూడా ఉంది, పటిక సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్గొండ పద్ధతి అని పేరు ఎందుకు పడిందో నల్గొండవాళ్ళని అడగండి.

అనంత_సీమ | ఏప్రిల్ 12, ఉదయం 6:50
మాది అనంతపురం పక్క పల్లె. మాస్టారు చెప్పింది నిజమప్పా, మా నాయన నాలుగు బోర్లు ఏసినాడు, మూడిట్లో దుమ్మే. నాలుగోదాంట్లో పడింది గానీ అదీ ఉలవలు నానబెట్టనీకి సరిపోయేంత. మేము కంప్రెసరు పెట్టినాము, బోర్లో మోటరే ఉండదు, గాలి పైపు దించి నీళ్ళను పైకి ఎగదోస్తాది. నీళ్ళు లేకపోతే ఉత్త గాలి వస్తాది అంతే, కాలేదానికి లోపల ఏమీ లేదు. మట్టి వచ్చినా భయం లేదు. నువ్వు కూడా అదే పెట్టుకో.

పాత_మెకానిక్ | ఏప్రిల్ 12, ఉదయం 9:15
సీమన్న చెప్పింది సీమల కరెక్టే, మట్టి వచ్చే బోర్లకు నేను గూడ అదే పెడ్త. కానీ కంప్రెసరు అదే నీళ్ళకు కరెంటు చాన గుంజుతది, ఇంటి మీటరు మీద బిల్లు చూస్తే గుండె జారుతది, చప్పుడుకు పక్కింటోళ్ళు లొల్లి. పైంగ గాలి పని చెయ్యాలంటే పైపు నీళ్ళల్ల మునిగి ఉండాలె, లెవల్ అడుగుకు పోయినప్పుడు ఉత్తగ బుడగలే. ఈ తమ్మికి మంచి మోటరే ఉన్నది, ఎందుకు పారేసుడు.

అనంత_సీమ | ఏప్రిల్ 12, ఉదయం 9:40
మాది సేద్యం కరెంటు అన్నా, బిల్లు సంగతి మర్చిపోయినా 😄

పెరటి_మొక్కలు | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2:08
మా నరసరావుపేట ఇంట్లోనూ ఇదే గోల అండీ, మావారు ఊళ్ళో ఉండరు, మోటారు వేయడం ఆపడం నా పనే, కూర మాడినా సరే మోటారు దగ్గర నిలబడాలి, ధార సన్నబడగానే పరిగెత్తాలి. రెండుసార్లు కాలిపోయాక ఎలక్ట్రీషియన్ డ్రై రన్ పెట్టాడు. నీళ్ళు అయిపోతే దానంతటదే ఆగిపోతుంది. ఇంకోటి, ఇంట్లో లీకులు చూడండి ముందు, మా ఫ్లష్ ట్యాంకు ఒకటి రాత్రంతా సన్నగా కారేది, కనపడదు వినపడదు, ఓ రాత్రి గేట్ వాల్వ్ కట్టేసి చూస్తే పొద్దుటికి ట్యాంకు నిండుగా ఉంది, అప్పుడు తెలిసింది దొంగ ఇంట్లోనే ఉన్నాడని.

పాత_మెకానిక్ | ఏప్రిల్ 12, రాత్రి 9:30
అక్క చెప్పింది ముఖ్యం తమ్మీ, డ్రై రన్ ముందుగాల పెట్టు, మిగతాయి తర్వాత. సబ్‌మెర్సిబుల్‌కు నీళ్ళే చలువ, చుట్టు నీళ్ళు పారితేనే వైండింగు చల్లగుంటది, గాలి గుంజుకుంట తిరిగితే లోపల ఉడుకుతది. డ్రై రన్ రిలే ఆంప్స్ చూసి ఆపుతది. నీది నీళ్ళల్ల 10, గాలికి 6, నడుమ 7.5 కాడ పెట్టు. చానమంది ఫ్యాక్టరీ సెట్టింగు మీదనే వదిలేస్తరు, అది గాలి కొట్టినా ఆగదు, మళ్ళ రిలే మంచిది కాదని తిడ్తరు. రీస్టార్టు టైము 2 గంటలు పెట్టు, పది నిమిషాలు పెడితే నీళ్ళు ఊరక ముందే మళ్ళ మళ్ళ లేసి స్టార్టింగు కరెంటుకే కాలుతది.
రెండోది టైమరు. నీళ్ళున్నప్పుడు తొంగి చూసి ఏసుడు కాదు, గడియారం పెట్టి కొద్దికొద్దిగ తోడాలె, రాత్రి గూడ. బర్రె పాలు ఒక్కపూటనే అన్ని పిండుతవా, రెండు పూటల పిండుతవు గద, గట్లనే.
మూడోది పైపు మీద గేట్ వాల్వ్ కొంచెం తిప్పి ధార తగ్గించు, డబ్బా 22 కు బదులు 35 సెకండ్లకు నిండేటట్టు. పూర్తిగ మాత్రం కట్టకు, పైపు మీద ప్రెజర్ పడి జాయింట్లు ఊడుతయి. మళ్ళ ఎప్పుడన్న మోటరు మార్చాల్సి వస్తే ఒక హెచ్‌పీ తీస్కో, స్టేజీలు (ఇంపెల్లర్ల వరుసలు) ఎక్కువున్నది, 320 ఫీట్లు ప్లస్ ట్యాంకు ఎత్తు కలిపి లాగేది. మనోళ్ళకు నీళ్ళు తక్కువైతే మోటరు పెద్దది పెట్టే పిచ్చి ఒకటున్నది. సన్న బోరుకు పెద్ద మోటరు పెడితే ఇంకా జల్ది ఖాళీ అయితది, అంతే.

కరోలినా_తెలుగు | ఏప్రిల్ 13, ఉదయం 5:55
నార్త్ కరోలినా నుంచి. నవ్వొస్తోంది చదువుతుంటే, ఇక్కడ మా ఊరు బయట ఇల్లు కొనుక్కుంటే దానికీ బోరే, ఇక్కడ కూడా అడుగున గ్రానైటు లాంటి బండే, ఊట తక్కువే. ఇల్లు అమ్మేముందు బోరు నిమిషానికి ఎంత ఇస్తుందో పరీక్ష చేసి కాగితం ఇచ్చారు. ఊట తక్కువున్న ఇళ్ళకి ఇక్కడ చేసేది మీరు చెప్పుకుంటున్నదే, టైమరు పెట్టి పెద్ద ట్యాంకులోకి మెల్లగా ఎక్కించి, అక్కణ్ణించి చిన్న పంపుతో ఇంట్లోకి. ఖమ్మంలో నాన్న మాత్రం నేను చెబితే వినడు, మూడో బోరు వేశాడు.

కొబ్బరికాయ_బ్యాచ్ | ఏప్రిల్ 13, ఉదయం 10:20
మా మేనమామ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింట్ చూస్తాడు, కాయ నిలబడిన చోట నీళ్ళు గ్యారంటీ, నంబర్ కావాలంటే మెసేజ్ పెట్టండి

పాత_మెకానిక్ | ఏప్రిల్ 13, ఉదయం 10:34
కాయ నిలబడ్డ చోట ఏసిన ఎండు బోర్లకు మూత పెట్టే పని గూడ నాదే. అన్నట్టు ఎవరింట్లనన్న ఎండిన బోరు నోరు తెరిచి ఉంటే ఇయ్యాల్నే ఇనుప మూత ఏసి బోల్టులు బిగించున్రి. పిల్లలు పడుతున్నరు, మూత పెట్టాలె అని 2010ల సుప్రీంకోర్టే చెప్పింది.

రాళ్ళ_మాస్టారు | ఏప్రిల్ 13, సాయంత్రం 6:05
కొత్త బోరు వేయక తప్పదనుకునేవాళ్ళకి ఒక మాట, వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) వచ్చింది 2002లో, అనుమతి లేకుండా రాత్రికి రాత్రి బండి దింపకండి. పాయింట్ కోసం కాయ కన్నా రెసిస్టివిటీ సర్వే (భూమిలోకి కరెంటు పంపి నీటి జాడ చూసేది) నయం, అదీ గ్యారంటీ ఇవ్వదు, అవకాశం పెంచుతుంది.
జనగామ బాబుకి. మీ బోరు 2016 నాటిది కదా, అడుగున మన్ను పేరుకుని ఉండొచ్చు, మోటరు ఎప్పుడైనా బయటికి తీసినప్పుడు ఫ్లషింగ్ (గాలి కొట్టి ఆ మన్ను బయటికి తీయడం) చేయించండి. హైడ్రో ఫ్రాక్చరింగ్ అని ఇంకోటి ఉంది, బోరులో బిరడా లాంటి రబ్బరు ప్యాకరు బిగించి ఒత్తిడితో నీళ్ళు ఎక్కించి పగుళ్ళు తెరుస్తారు, గట్టి రాయిలో పనిచేస్తుంది, కానీ డబ్బు పెట్టాక కూడా ఊట పెరగని బోర్లు చూశాను, తొందర పడకండి.
వాన నీళ్ళు మాత్రం వదలకండి. మీ డాబా 100 గజాలు ఉంటే, ఏడాదికి 800 మిల్లీమీటర్లు పడితే 66 వేల లీటర్లు పైచిలుకు పడతాయి, పోయేది పోగా 50 వేలు వస్తాయనుకోండి. బోరు చుట్టూ ఇంకుడు గుంత తవ్వి రాళ్ళు, కంకర, ఇసుక పొరలు వేయండి.

పెరటి_మొక్కలు | ఏప్రిల్ 13, రాత్రి 8:47
మా వీధిలో ఒకాయన డాబా పైపు తీసుకెళ్ళి నేరుగా బోరు కేసింగులో పెట్టేశాడు, రీఛార్జ్ అంట. అలా చేయొచ్చా మాస్టారూ?

రాళ్ళ_మాస్టారు | ఏప్రిల్ 13, రాత్రి 9:10
వద్దమ్మా. డాబా మీద పావురాల రెట్ట, ఆకులు, దుమ్ము అన్నీ ఆ బోరులోకే పోతాయి, వాళ్ళు తాగేదీ ఆ బోరే, పక్కింటివాళ్ళదీ అదే పగులు కావచ్చు. మొదటి రెండు వానలు బయటికి వదిలేసి, తర్వాత ఇసుక పొరల్లోంచే పంపాలి.

జనగామ_పోరడు | మే 4, రాత్రి 9:15
అందరికి దండాలు, ఆలస్యమైంది, పెండ్లిళ్ళ సీజను. చేసింది చెప్త. ముందుగాల అక్క చెప్పినట్టు రాత్రి గేట్ వాల్వ్ కట్టి చూసిన, పైన కిరాయోళ్ళ బాత్రూంల ట్యాపు వాషరు పోయి ఉంది, మార్చినం. డ్రై రన్ రిలే 7.5 మీద పెట్టించిన. టైమరు కొనుక్కొచ్చిన కానీ అది చుట్టూ పిన్నులుండే రకం, ఒక్క పిన్ను అంటే 15 నిమిషాలు, అంతకన్న తక్కువ పెట్టరాదు. మెకానిక్ అన్న ఫోన్ల చెప్పినట్టు టైమరు తీగ నేరుగ మోటరుకు ఇయ్యకుండ కాంటాక్టరు (మోటరు కరెంటును కలిపి తెంపే పెద్ద స్విచ్చు) కాయిల్‌కు ఇప్పించిన. నాలుగు గంటలకొక పిన్ను పెట్టినం, రోజుకు ఆరు సార్లు. వాల్వ్ తిప్పినంక డబ్బా 34 సెకండ్లకు నిండుతాంది, 15 నిమిషాలకు 530 లీటర్లు, ఆరు సార్లకు 3 వేలు దాటుతున్నయి. ఇరవై రోజులల్ల గాలి కొట్టింది రెండే సార్లు, ఆ రెండుసార్లు రిలే ఆపేసింది. ఇంకో 2 వేల లీటర్ల ట్యాంకు కలిపినం, నిండంగనే మోటరు ఆపే ఫ్లోట్ పెట్టినం. ట్యాంకరు మళ్ళ పిలవలే. బోరు బండాయన రెండు సార్లు ఫోన్ చేసిండు, అమ్మనే మాట్లాడింది 😂
ఒక ఇచ్చంత్రం చూసిన, వెనుక మామిడి తోటాయన బోరు బందున్న నాడు మా లెవల్ పొద్దుగాల 122 ఫీట్ల కాడ ఉన్నది, ఆయనది నడిచిన నాడు 145.

రాళ్ళ_మాస్టారు | మే 4, రాత్రి 9:50
అది విచిత్రం కాదు, ఇద్దరిదీ ఒకే పగులు అన్నమాట. ఆయనతో మాట్లాడి వేళలు సర్దుకోండి. లెవల్ మాత్రం వారానికోసారి నోట్‌బుక్‌లో రాసి పెట్టండి, వచ్చే ఏడాది మార్చిలో ఊట ఎలా ఉందో ఆ పుస్తకమే మీకు చెబుతుంది. ఈసారి మోటరు తీసినప్పుడు పక్కన అర అంగుళం పైపు ఒకటి దించుకోండి, దారం దాంట్లోంచి దించితే మీ నాన్నగారి తిట్లు తప్పుతాయి.

జనగామ_పోరడు | మే 4, రాత్రి 10:02
సరే సార్. కానీ ఇంకో పంచాయితి మోపైంది. మొన్న గాలివానకు మూడు గంటలు కరెంటు పోయింది, టైమరు గడియారం గూడ ఆగి మూడు గంటలు వెనుక పడ్డది. రాత్రి 10 కి ఎక్కాల్సిన మోటరు ఒంటిగంటకు ఎక్కింది, కిరాయోళ్ళ బెడ్రూం మీదనే ట్యాంకు, అర్ధరాత్రి ధబధబ నీళ్ళు పడుతుంటే చిన్నపిల్ల లేసి ఏడ్చిందంట. పొద్దుగాల్నే ఆయన గేటు కాడికొచ్చి నిలబడ్డడు.

పాత_మెకానిక్ | మే 4, రాత్రి 10:20
బ్యాటరీ ఉన్న టైమరు అడుగు, కరెంటు పోయినా గడియారం తిరుగుతది, పాతది వాపసు తీస్కుంటడేమో అడుగు. చప్పుడుకు ట్యాంకుల పడే పైపుకు ఎల్బో ఏసి అడుగుదాక పైపు దించు, నీళ్ళల్లనే నీళ్ళు పడ్తయి, సప్పుడే రాదు. కానీ ఆ పైపుకు పైన, నీళ్ళ మట్టం కన్న మీద, చిన్న బొక్క పెట్టు మర్చిపోకు. లేకపోతే మోటరు ఆగినంక కింద వాల్వ్ లీకుంటే ట్యాంకుల నీళ్ళన్ని ఎనక్కు బోర్లకు గుంజుకపోతయి, మళ్ళ వచ్చి ఊట తగ్గిందని పోస్టు పెడ్తవ్.